తోలుకి చిల్లు పడకుండా

ప్రశ్న చిన్నదే. పదిహేను కిలోల జంతువొకటి నూటయాభై గజాల దూరంలో నిలబడి ఉంది. దాన్ని ఒక్క దెబ్బకి చంపాలి. కానీ దాని తోలు మాత్రం ఏమీ జరగనట్టే ఉండాలి. ఏ తుపాకీ, ఏ తూటా, ఎంత బరువు, ఎంత వేగం? అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో చలి మొదలవగానే కయోటీల వేటకి వెళ్ళేవాళ్ళు కొన్ని తరాలుగా వాదించుకుంటున్న ప్రశ్న ఇది. వెబ్ సర్వర్లు ఎందుకు నెమ్మదిస్తున్నాయో కనిపెట్టి జీతం తెచ్చుకునే నాకు దీంతో రెండేళ్ళ కిందటి దాకా ఏ పనీ లేదు.

నేనుండేది నెబ్రాస్కాలో, ఒమాహాలో. మా టీములో టెస్టింగు చూసే ఒకాయన ఉన్నాడు. అరవైకి దగ్గర పడ్డాడు. ఆఫీసులో అందరం పేరు పెట్టే పిలుస్తాం గానీ నా మనసులో మాత్రం ఆయన ఎప్పుడూ పెద్దాయనే. వాళ్ళ కుటుంబానికి శాండ్‌హిల్స్‌లో పశువుల రాంచి ఉంది. గడ్డి పట్టిన ఇసుక దిబ్బలు కనుచూపు మేరా ఉండే ప్రాంతం అది, ఊరి నుంచి ఐదు గంటల డ్రైవు. రాంచి తమ్ముడు చూసుకుంటాడు. ఈయన నవంబరు చివరి నుంచి జనవరి దాకా వీలున్న శనాదివారాలు అక్కడికి వెళ్ళి కయోటీల్ని వేటాడి, తోళ్ళు తీసి, ఆరబెట్టి అమ్ముతాడు. ఆ రెండు నెలల్లోనే తోలు పక్వానికొస్తుంది. లోపలి మెత్తటి నూగు ఒత్తుగా పెరిగి, పై వెంట్రుకలు పొడుగ్గా నిగనిగలాడతాయి. ఫిబ్రవరి వచ్చిందంటే జంతువు ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెడుతుంది, వెంట్రుకలు అరిగిపోతాయి.

ఒకరోజు లంచ్ దగ్గర పెద్దాయన పాత నోట్‌బుక్కు ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. ఇన్నేళ్ళలో కొట్టిన ప్రతి కయోటీకీ ఒక వరస రాసి ఉంది: తేదీ, గాలి, దూరం, తూటా, జంతువు ఎటు తిరిగి నిలబడింది, తోలుకి ఎక్కడ ఎంత చిల్లు పడింది. "నువ్వు లెక్కల మనిషివి కదా, ఇందులో ఏముందో చూసి చెప్పు" అన్నాడు. నేను ఎక్సెల్ తెరిచాను.

*

కయోటీ అంటే మన నక్క కాదు, తోడేలూ కాదు. పరిమాణంలో ఆ రెంటికీ నడుమ ఉంటుంది. ఆ పేరు మెక్సికోలోని నావాట్ల్ భాష నుంచి స్పానిష్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. చిన్నప్పుడు కార్టూన్లు చూసి నేను మూడు అక్షరాలతో 'కయోటీ' అంటాను. రాంచి మనుషులు 'కయోట్' అని రెండింటితో ఆపేస్తారు. ఎవరు ఎలా పలుకుతారన్న దాన్నిబట్టి వాళ్ళు ఊరివాళ్ళో పట్నంవాళ్ళో చెప్పొచ్చని పెద్దాయన అంటాడు. అమ్మకి ఫోన్లో నక్క అనే చెప్పాను. "నక్కతోక తొక్కొచ్చావన్నమాట" అని నవ్వింది.

ముందు చట్టం సంగతి చెప్పాలి. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. నాకు ఆ లైసెన్సు లేదు. కాబట్టి పెద్దాయన వాళ్ళ వంటింటి టేబుల్ మీద రకరకాల తూటాలు వరసగా నిలబెట్టి ఒక్కొక్కటీ చూపిస్తుంటే, మ్యూజియంలో పిల్లాడిలా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చూశాను. ఇప్పటిదాకా ఒక్క తూటా కూడా ముట్టుకోలేదు. నాకు తెలిసిందంతా చూసి, చదివి, లెక్క కట్టి తెలుసుకున్నదే.

తూటా అంటే మొత్తం సరంజామా: ఇత్తడి గొట్టం, అడుగున నిప్పు రాజేసే మూత, లోపల మందు, కొనలో గుండు. అందులోంచి ఎగిరివెళ్ళేది గుండు ఒక్కటే. దాన్ని తూచడానికి గ్రెయిన్ అనే పాత కొలత వాడతారు. పౌనుకి 7000 గ్రెయిన్లు. 55 గ్రెయిన్ల గుండంటే మూడున్నర గ్రాములు, ఒక సన్నపాటి ఉంగరమంత.

ఆ గుండు తోలుని రెండు చోట్ల పాడు చేయగలదు, లోపలికి పోయేచోటా బయటికి వచ్చేచోటా. లోపలికి పోయే చిల్లు సాధారణంగా పెన్సిలంత. ఆ ఒత్తు నూగులో వెతికితే గానీ కనబడదు. గొడవంతా రెండోదానితోనే. లోపల వెడల్పయిన గుండు, తను విరగ్గొట్టిన ఎముక ముక్కల్నీ ముందుకు తోసిన కండనీ వెంటేసుకుని అవతలి పక్క బద్దలు కొట్టుకొస్తుంది. అక్కడ పిడికిలి పట్టేంత కంత పడుతుంది. దుప్పులకి వాడే .243 విన్‌చెస్టర్‌తో, 100 గ్రెయిన్ల గుండుతో కయోటీని కొడితే జరిగేది ఎక్కువగా ఇదే. దుప్పిని కొట్టేవాడికి మాంసం కావాలి, గుండు లోతుగా దిగాలి. కయోటీని కొట్టేవాడికి తోలు కావాలి. దాని ఛాతీ అడ్డకొలత పదిహేను ఇరవై సెంటీమీటర్లకి మించదు. గుండు తన శక్తినంతా ఆ జానెడులోపే ఖర్చుపెట్టేసి, బయటికి రాకుండా అక్కడే ఆగిపోవాలి.

నా ఇంజనీరింగ్ బుర్రకి మొదట ఆశ్చర్యం కలిగించింది ఇక్కడే. చిన్న చిల్లు కావాలంటే నెమ్మదిగా పోయే, బలం తక్కువున్న గుండు కావాలనుకుంటాం. జరిగేది అది కాదు. తేలికైన గుండుని విపరీతమైన వేగంతో పంపిస్తారు. .223 రెమింగ్టన్‌లో 55 గ్రెయిన్ల గుండు గొట్టం చివర సెకనుకి దాదాపు 990 మీటర్ల వేగంతో ఉంటుంది. 2004లో వచ్చిన .204 రూగర్‌లో 32 గ్రెయిన్ల గుండు సెకనుకి 1290 మీటర్ల దాకా పోతుంది. లెక్కగడితే రెంటి శక్తీ ఇంచుమించు ఒకటే, 1700 జౌళ్ళ పైచిలుకు. కానీ రెండోదాని బరువు రెండు గ్రాములే. పల్చటి రాగి తొడుగు, లోపల సీసం, కొనలో చిన్న ప్లాస్టిక్ ముక్క. ఒంటికి తగలగానే ఆ ప్లాస్టిక్ వెనక్కి దిగి గుండుని చీలుస్తుంది. తర్వాత అది గుండుగా మిగలదు, పొడైపోతుంది. పొడికి అవతలి తోలు దాటే ఊపు ఉండదు. ఇదే దారిలో ఇంకా ముందుకెళ్తే 1971 నాటి .17 రెమింగ్టన్. దాని గుండు బరువు గ్రామున్నర, అడ్డకొలత నాలుగున్నర మిల్లీమీటర్ల లోపు. లోపలికి పోయిన చిల్లు ఎక్కడుందో తోలు తిరగేస్తే గానీ తెలియదంటాడు పెద్దాయన.

అలాగని వేగం పెంచుకుంటూ పోతే సరిపోదు. మరీ పల్చటి గుండు మరీ దగ్గర్లో భుజం ఎముక మీద పడితే, లోపలికి దిగకుండా పైనే పేలిపోతుంది. దీన్ని వాళ్ళు 'స్ప్లాష్' అంటారు. తోలు మీద అరచేతి వెడల్పున గాయం పడుతుంది, ప్రాణం మాత్రం పోదు. అదే గుండు మూడొందల గజాలు ప్రయాణించేసరికి వేగం తగ్గి, పగలాల్సిన చోట పగలకపోవచ్చు. పక్కగాలికి తేలిక గుండు ఎక్కువ జరుగుతుంది కూడా. గొట్టంలోని మరలు గుండుని బొంగరంలా తిప్పుతాయి కదా, ఆ తిరుగుడూ లెక్కలోకి వస్తుంది. పన్నెండు అంగుళాలకి ఒక చుట్టు తిప్పే గొట్టంలోంచి .223 గుండు నిమిషానికి దాదాపు 1,94,000 చుట్లు తిరుగుతూ బయటికొస్తుంది. ఏడంగుళాలకి ఒక చుట్టయితే 3,33,000. ఎంత గట్టిగా తిరిగితే లోపల అంత తొందరగా విచ్చుకుంటుంది. తొడుగు మరీ పల్చనైతే గాల్లోనే విడిపోవచ్చు కూడా.

కాబట్టి 'అన్నిటికన్నా మంచి తూటా ఏది' అనేది తప్పుడు ప్రశ్న. ఈ దిబ్బల మధ్య కయోటీ ఎంత దూరంలో కనబడుతుంది, ఈ గొట్టం ఎంత తిప్పుతుంది, ఈరోజు గాలి ఎంత అన్నవి తెలిస్తేనే జవాబుంటుంది. మా సర్వర్ల విషయంలోనూ అంతే గానీ, ఆ మాట మేనేజర్లకి రుచించదు.

*

పుస్తకాల గురించి రాసుకునే అలవాటున్నవాణ్ణి కాబట్టి, కేటలాగులు చదువుతుంటే నా కన్ను అంకెల మీద కన్నా మాటల మీదే పడేది. గుళ్ళ పేర్లు చూడండి: వి-మ్యాక్స్, బాలిస్టిక్ టిప్, బ్లిట్జ్‌కింగ్, వార్మింట్ గ్రెనేడ్. రెండు మూడు గ్రాముల లోహానికి గ్రెనేడ్ అని పేరు. 'వార్మింట్' అంటే పీడ, చీడ అని అర్థం. ఆ మాట అన్న క్షణంలోనే ఆ జంతువు ఎలుకల జాబితాలో చేరిపోతుంది. చంపడాన్ని 'హార్వెస్ట్' అంటారు, పంట కోసినట్టు. అన్నిటికన్నా నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన మాట 'ఫర్-ఫ్రెండ్లీ'. బొచ్చుతో స్నేహంగా ఉండే తూటా! బొచ్చు లోపల ఉన్నదాని ఊసు అందులో లేదు.

తోలు కోసం వేట అనగానే మనకి గుర్తొచ్చేది మాయలేడి. వాల్మీకంలో సీత రెండు కోరికలూ చెబుతుంది: ప్రాణాలతో దొరికితే పెంచుకుందాం, లేదంటే ఆ బంగారు చర్మాన్ని గడ్డి ఆసనం మీద పరుచుకుని కూర్చుందాం. రాముడు ఒక్క బాణంతో ఛాతీలో కొడతాడు. చిన్నప్పుడు ఆ కథ ఎన్నిసార్లు విన్నా తోలు సంగతి నా చెవిన పడలేదు. మా ఇంట్లో క్యాలెండర్ శివుడు పులితోలు మీద కూర్చుని ఉండేవాడు. దానికి ఎక్కడా చిల్లుండేది కాదు.

నేను పెద్దాయన వెంట రెండుసార్లు వెళ్ళాను. వేట అంటే వెంటపడి పరిగెత్తడం అనుకునేవాణ్ణి. చీకటితో బయల్దేరి, గాలి ఎదురుగా వచ్చేలా ఒక దిబ్బ వాలున కూర్చుని, గాయపడిన కుందేలు అరుపుని స్పీకరు పెట్టెలో మోగించి, కదలకుండా ఉండటమే అక్కడ వేట. దశరథుడు శబ్దం విని బాణం వేశాడు. ఇక్కడ శబ్దమే జంతువుని బాణం దగ్గరికి తీసుకొస్తుంది. మొదటిసారి రెండు గంటలు కూర్చున్నాం, ఏదీ రాలేదు. రెండోసారి వచ్చింది. ఎదురుగా, తల మా వైపే పెట్టి, ఆగి ఆగి నడుస్తూ. దాని ఊపిరి పొగలా కనబడుతోంది. పెద్దాయన కొట్టలేదు. అది పక్కకి తిరిగేదాకా ఆగాలన్నది ఆయన పద్ధతి. అది తిరగలేదు. వాసన పట్టి, ఒక్క గెంతులో దిబ్బ వెనక్కి పోయింది. ఆయన తుపాకీ దించి, ఫ్లాస్కులోంచి కాఫీ పోశాడు.

నోట్‌బుక్కులో నేను కనిపెట్టింది కూడా ఇదే. వరసలన్నీ ఎక్కించి, తూటా రకాన్ని బట్టీ దూరాన్ని బట్టీ విడగొట్టి చూశాను. తేడాలున్నాయి. కానీ అన్నిటికన్నా పెద్ద తేడా తూటాది కాదు, జంతువు నిలబడ్డ తీరుది. సరిగ్గా పక్కకి తిరిగి ఉండగా, భుజానికి కాస్త వెనక, పక్కటెముకల మధ్య పడ్డ గుండు ఏ రకందైనా తోలుని పెద్దగా చెరపలేదు. ఏటవాలుగా, పొట్టలో, భుజం ఎముక మీద పడ్డప్పుడు ఎంత ఖరీదైన గుండైనా తోలుని చింపింది. ఈ మాట చెబితే పెద్దాయన తలూపి, "అది నాకు తెలుసు. నీ మిషనుకి తెలుస్తుందా లేదా అని చూశాను" అన్నాడు.

ఇక్కడే దయ ప్రశ్న కూడా ఉంది. తోలు ఒక్కటే ముఖ్యమైతే ఇంకో దారుంది: నిండా గట్టి రాగి తొడుగున్న మిలిటరీ తరహా గుండు. అది పగలదు. సన్నగా దూరి చాలాసార్లు సన్నగానే బయటికి పోతుంది. రెండు చిన్న చిల్లులు, రెండు కుట్లు, అయిపోయింది. కానీ ఆ జంతువు వెంటనే పడదు. సూది పొడిచినట్టున్న గాయంతో మైలు దూరం పరిగెత్తి, ఏ పొదలోనో గంటల తరబడి చస్తుంది. పెద్దాయన చిన్నతనంలో వాళ్ళ నాన్న ఆ గుళ్ళు ఇంట్లోకి రానిచ్చేవాడు కాదట. లోపలే పొడైపోయే గుండు తోలునీ కాపాడుతుంది, ప్రాణాన్నీ క్షణాల్లో తీస్తుంది. ఒకే గుండుతో లాభమూ దయా రెండూ కుదురుతున్నాయంటే నాకు అనుమానం వస్తుంది. అనుమానానికి కారణం లేకపోలేదు. ఆ గుండు బయటికి రాదు కాబట్టి, గురి కాస్త తప్పి జంతువు పారిపోతే మంచు మీద నెత్తుటి జాడ ఉండదు. వెతికి బాధ తీర్చే అవకాశం పోతుంది. ఇంకొకటి, పొడైపోయిన సీసం కళేబరంలోనే ఉంటుంది. తోలు తీశాక ఆ కళేబరాన్ని దిబ్బల్లో వదిలేస్తే గద్దలు తింటాయి. అమెరికా గద్దల ఒంట్లో సీసం చేరడానికి వేటగాళ్ళు వదిలేసిన కళేబరాలు ఒక పెద్ద కారణం. తోలుకి తగలాల్సిన దెబ్బని లోపలికి మళ్ళించాం, లోపలి నుంచి అది గద్దకి చేరింది. నష్టం పోలేదు, చోటు మారింది. పెద్దాయన కళేబరాల్ని గొయ్యి తీసి పూడుస్తాడు. జనవరిలో అక్కడ నేల రాయిలా ఉంటుంది, ట్రాక్టరుతో తవ్వాలి.

*

మా తాత లంద పెట్టేవాడు. ఈ సంగతి నాకు ఇంటర్ దాకా తెలియదు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. చచ్చిన గొడ్డుని ఊళ్ళోంచి మోసుకొచ్చి, తోలు వలిచి, సున్నపు తొట్టెలో వేసి వెంట్రుకలు ఊడగొట్టి, తంగేడు చెక్కా కరక్కాయా కలిపిన నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, చెప్పులకీ మోట బొక్కెనలకీ డప్పులకీ పనికొచ్చే తోలు చేసేవాడు. నాన్న చదువుకుని లెక్కల టీచరయ్యాడు. మేం ఒంగోల్లో అద్దె ఇళ్ళలో పెరిగాం. ఇంట్లో తోలు మాట వినబడేది కాదు. చెప్పు తెగితే నాన్న వీధి మలుపులో కూర్చునే ఆయన దగ్గరికి వెళ్ళేవాడు కాదు. రాత్రి తలుపేసుకుని, గూట్లోంచి ఆరె తీసి, తనే కుట్టేవాడు. ఇంటి ఓనరుకి కనబడకూడదు. ఆ ఆరె తాతదని చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్పింది.

రాంచిలో పెద్దాయన షెడ్డులో తోలు తీస్తుంటే నిలబడి చూశాను. వెనక కాళ్ళ మడమ నుంచి మడమకి ఒక గాటు పెట్టి, జంతువుని తలకిందులుగా వేలాడదీసి, తడిసిన బనియన్ విప్పినట్టు మెల్లగా కిందికి లాగుతాడు. కత్తి వాడేది తక్కువ. ఎక్కువ పని బొటనవేళ్ళదే. చెవుల దగ్గరా కళ్ళ దగ్గరా మాత్రం కత్తి కొనతో ఊపిరి బిగబట్టి కోస్తాడు. తర్వాత దిమ్మ మీద వేసి కొవ్వు గీకి, చట్రానికి ముందు తిరగేసి తొడిగి, తడి కొంచెం ఆరాక బొచ్చు పైకి వచ్చేలా మళ్ళీ తిప్పి తొడుగుతాడు. "నీకు వాసన ఇబ్బందిగా లేదా? పట్నం వాళ్ళు ఈపాటికి బయటికి పోతారు" అన్నాడు. మా తాత పని ఇదేనని చెప్పాను. ఆయన కత్తి ఆపి నా వైపు తిరిగి, "ఏం జంతువులు? నానబెట్టడానికి ఏ చెట్టు బెరడు?" అని అడిగాడు. అంతే. ఆ రెండు ప్రశ్నలే అడిగాడు. మా తాత పని గురించి చెప్పినప్పుడు ఎదుటివాళ్ళు బెరడు గురించి అడగడం నాకు అదే మొదటిసారి. పని అక్కడా ఇక్కడా ఒకటే. రక్తం, కొవ్వు, వాసన, కత్తి అన్నీ అవే. ఇక్కడ ఆ పని చేసినాయన చేతులు కడుక్కుని చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు. మా తాత ఏ బావిలోనూ చేద వేయకూడదు.

ఆయన నాకో తోలు ఇచ్చాడు. తీసుకోవాలా వద్దా అని ఐదు గంటల డ్రైవంతా ఆలోచించాను. అప్పటికే అది కారు వెనక సీట్లో ఉంది. ఆదివారం వీడియో కాల్లో అమ్మకి చూపించాను. "ఛీ ఛీ, దేవుడున్న ఇంట్లో అదేందిరా, అవతల పెట్టు" అంది. కోపంగా కాదు, భయంగా. ఆ భయం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు కాబట్టి ఏమీ అనలేదు. వెనక నుంచి నాన్న వచ్చి కళ్ళజోడు పెట్టుకుని ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"లోపలి వైపు తిప్పి చూపించు" అన్నాడు.

తిప్పాను.

"ఇంకా దగ్గరికి పెట్టు. మెడ దగ్గర... కత్తిగాటు లేదే. మంచి చెయ్యి. ఆ కుట్టేంది, పక్కటెముకల కాడ?"

గుండు పోయిన చిల్లు అని చెప్పాను. లోపలి వైపు నుంచి కుట్టేస్తే పైన బొచ్చు కప్పేస్తుందన్నాను.

"మనకట్టా కుదరదు" అన్నాడు నాన్న. "మనం వెంట్రుక తీసేస్తాం గదా. తోలు మీద చిల్లు పడితే పడ్డట్టే, దాచేదానికి ఏముంటది? వీళ్ళకి వెంట్రుకే సరుకు. మనకి వెంట్రుక చెత్త." కాసేపాగి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకుంటూ పోయాడు. తాత తోలుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేవాడట. కాడి రుద్దిన పుండు ఎక్కడ, ముల్లుకర్ర పోట్లు ఎక్కడ, వాతలు ఎక్కడ, పిడుదులు కరిచిన చుక్కలు ఎక్కడ, అన్నీ వేలితో చూపించేవాడట. తోలు చూసి ఆ గొడ్డుది ఏ ఆసామి ఇల్లో చెప్పేవాడట. ముప్పై ఐదేళ్ళలో నాన్న నాతో తోలు గురించి మాట్లాడింది ఆ పదిహేను నిమిషాలే. అమ్మ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చివర్లో లెక్కల టీచరు బయటికొచ్చాడు. "ఎంతకి పోతది ఇది?"

*

చెప్పడానికి ఇబ్బందిపడ్డ ప్రశ్న అదొక్కటే. ఓ పదేళ్ళ కిందట పశ్చిమ రాష్ట్రాల కయోటీ తోలుకి మంచి గిరాకీ ఉండేది. ఖరీదైన చలికోట్ల టోపీల అంచుకి ఆ బొచ్చే కుట్టేవాళ్ళు. మేలురకం తోలు వంద డాలర్ల దాకా పలికింది. 2019లో ఉత్తర అమెరికాలోని అతిపెద్ద బొచ్చుతోళ్ళ వేలం సంస్థల్లో ఒకటైన నాఫా అప్పుల్లో కూరుకుపోయి కోర్టు రక్షణ కోరింది. 2021లో కెనడా గూస్ కంపెనీ బొచ్చు వాడకం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2023 నుంచి కాలిఫోర్నియాలో కొత్త బొచ్చు బట్టల అమ్మకమే నిషేధం. ఇప్పుడు ఇరవై డాలర్లు వస్తే గొప్ప అంటాడు పెద్దాయన. ఒక్కో తూటా డాలరున్నర. పెట్రోలు, రెండు గంటలు మంచులో కూర్చోవడం, ఒక గంట తోలు తీయడం, ఇంకో గంట గీకడం. ఏ లెక్కన చూసినా నష్టమే.

ఆయన తమ్ముడి కొడుకు ఈ లెక్క ఎప్పుడో వేసుకున్నాడు. అతని దగ్గర .22-250 ఉంది. రాత్రిపూట ఒంటి వేడిని చూపించే థర్మల్ స్కోపు ఉంది. అవతలి పక్క కంత పడితే పడనీ, వెంటనే పడిపోవడమే కావాలంటాడు. కొట్టి అక్కడే వదిలేస్తాడు. అతన్ని దుర్మార్గుడిగా చూపించడం తేలికే గానీ న్యాయం కాదు. ఫిబ్రవరిలో ఆవులు ఈనే రోజుల్లో, సగం బయటికొచ్చిన దూడని కయోటీలు పీక్కుతినడం చూసినవాడతను. ప్రభుత్వం తరఫున వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ వాళ్ళు ఏటా చంపేవే యాభై వేలకి పైగా ఉంటాయి. వాటి తోలు గురించి ఎవరూ అడగరు. ఇంత చంపినా కయోటీలు తగ్గలేదు. ఒకప్పుడు పశ్చిమ మైదానాల్లో తిరిగినవి ఇప్పుడు తూర్పు తీరం దాకా, షికాగో నడిబొడ్డు దాకా పాకాయి. డాన్ ఫ్లోరెస్ 2016లో రాసిన 'కయోటీ అమెరికా' చదివితే, ఈ యుద్ధంలో గెలుస్తున్నదెవరో తెలుస్తుంది.

మరి తోలుకి చిల్లు పడకుండా ఏ తూటా వాడాలన్న ప్రశ్నకి ఇంకా అర్థముందా? కయోటీ వైపు నుంచి చూస్తే పెద్దాయన గుండుకీ కుర్రాడి గుండుకీ తేడా లేదు. తోలు బాగుంచడం దానికి చేసిన మర్యాద అని నేను అనను. చచ్చినదానికి మర్యాద అక్కర్లేదు, కోటు వేసుకునేవాడికే కావాలి. బొచ్చు కోట్ల కోసం జంతువుల్ని చంపడం ఆగిపోతే నాకు సంతోషమే. కానీ కోట్లు ఆగాయి గానీ చంపడం ఆగలేదు. ఆగింది తోలు తీయడం. ఆ తోలుకి విలువున్నన్నాళ్ళూ వేటగాడు మంచి కోణం కోసం ఆగేవాడు. అది ఎదురుగా వస్తే వదిలేసేవాడు. వేసవిలో బొచ్చు పల్చగా ఉన్నప్పుడు, పిల్లల్ని పెంచుతున్నప్పుడు జోలికిపోయేవాడు కాదు. ఇప్పుడు ఆ ఆగడానికి కారణం లేదు. పెద్దాయన మాత్రం ఆగుతున్నాడు. ఎందుకని అడిగితే, "అలవాటు" అన్నాడు.

ఇరవై డాలర్లని చెబితే నాన్న నవ్వలేదు. "తాతకీ అంతేరా. పట్నంలో ప్లాస్టిక్ చెప్పులొచ్చినాక లందలో తోలు అడిగినోడు లేడు. అయినా రెండేళ్ళు నానబెడుతూనే ఉన్నాడు" అన్నాడు. నేనిన్నాళ్ళూ లంద మూతబడటం చదువు వల్లే, నాన్న ఉద్యోగం వల్లే అనుకున్నాను. మా ఇంటి కథ నాకు అలాగే చెప్పారు. ఎవరూ కొననందువల్ల కూడా అని తెలియదు.

ఈ నవంబరుకి పెద్దాయన .204లోనే ఉండిపోదామని నిర్ణయించుకున్నాడు. కాకపోతే 32 గ్రెయిన్ల గుండు మానేసి 40కి మారుతున్నాడు. కాస్త బరువెక్కువ, వేగం తక్కువ. దగ్గర్లో భుజం మీద పడ్డా పైన పేలిపోయే అవకాశం తగ్గుతుంది. అది నా ఎక్సెల్ షీటు ఇచ్చిన సలహాయే. తుపాకీకి నా దగ్గర లైసెన్సు లేదు. కత్తికి లైసెన్సు అక్కర్లేదు. ఈసారి మడమ నుంచి మడమకి మొదటి గాటు నన్నే పెట్టమన్నాడు. నాన్నకి చెబితే ఒక్కటే అన్నాడు, కత్తి తక్కువ వాడి వేలు ఎక్కువ వాడమని. అమ్మ పక్కనే ఉంది. ఈసారి వంటింట్లోకి వెళ్ళలేదు.